రక్తకణముల బారు

ఆరోగ్యముగానున్న మనుష్యుని రక్తమునుండి ఒక ఘన మిల్లీమీటరు, అనగా ఆవగింజంత బొట్టు, తీసికొన్నచో అందులో సుమారు 50 లక్షల ఎఱ్ఱ కణములు, 4,000 మొదలు 11,000 వరకు తెల్ల కణములు ఉండును. ఈ అంకెలు ఉన్నత పాఠశాల విద్యార్థులకు కంఠస్థమే. వీనిని మొట్టమొదట లెక్కించినవారి ఓర్పు మాత్రము పాఠ్యపుస్తకములకు ఎక్కలేదు. జర్మనీలో కార్ల్ ఫీరోర్ట్ అను శరీరశాస్త్రజ్ఞుడు 1852లో రక్తమును సన్నని గాజు గొట్టముతో కొలిచి, పలుచన చేసి, గాజుపలకపై పరచి, సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్క కణమునే లెక్కపెట్టెను. తరువాత ఫ్రాన్సు దేశీయుడు లూయి మలాసే మున్నగువారు గళ్ళు గీసిన లెక్కింపు అరలను వాడుకలోనికి తెచ్చుటచే పని కొంత సుకరమైనది. కళాశాలల జీవశాస్త్ర ప్రయోగశాలలలో నేటికిని కానవచ్చు గళ్ళ గాజుపలక వాని సంతతియే.

అయినను లెక్కపెట్టువాడు ఎంత నిపుణుడైనను తప్పించుకొనలేని చిక్కు ఒకటి కలదు. రక్తములో కణములు యాదృచ్ఛికముగ చెదరియుండును గాన, 100 కణములను లెక్కించినచో దాని వర్గమూలమగు 10 వరకు అటునిటు తేడా వచ్చుట సహజము. అది నూటికి పది. 10,000 కణములను లెక్కించినచో వర్గమూలము 100. అనగా తేడా నూటికి ఒకటి మాత్రమే. కన్ను నూరింటిని లెక్కించును, ఓపిక యున్నచో అయిదువందలను లెక్కించును, పదివేలను లెక్కింపలేదు. అందులోను అరుదైన కణమును వెదకవలసివచ్చినచో కంటికి ఆశయే లేదు. ఈ పని యంత్రమునకు అప్పగింపవలెనన్న కోరిక అక్కడనే పుట్టినది.

కెనడాలోని మాంట్రియల్ నగరమునుండి ఆండ్రూ మోల్డవాన్ 1934లో 'సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. సూక్ష్మదర్శిని క్రింద సన్నని కేశనాళికను అమర్చి, దానిగుండ కణములను ఒకదాని వెనుక నొకటి ప్రవహింపజేసి, కంటికి బదులుగ కాంతి విద్యుత్ ఘటమును నిలిపినచో, కణము దాటిన ప్రతిసారియు ఒక విద్యుత్ స్పందము కలుగునని ఆతని ఆలోచన. అంతకుముందు కన్ను కణములవద్దకు పోవుచుండెను. ఇకమీదట కణములే కంటివద్దకు నడచి వచ్చును. ఆలోచన చక్కనిదే. కాని నాళిక సన్ననిదైనచో నలుసు అడ్డుపడి మూసికొనిపోవును. వెడల్పైనదైనచో కణములు గుంపుగూడి, రెండు మూడు ఒకేసారి దాటిపోవును. ఈ ఇరకాటము ఇరువది యేండ్లు అట్లే నిలిచినది.

దానిని విడదీసినవాడు లండను మిడిల్సెక్స్ ఆసుపత్రిలోని పి. జె. క్రాస్లండ్-టేలర్. నీరు నెమ్మదిగ, నునుపైన గొట్టములో పారునపుడు పొరలు పొరలుగ సాగునేగాని ఒక పొర వేరొక పొరతో కలియదని ఆస్బర్న్ రేనాల్డ్స్ 1883లోనే రంగునీటి తీగతో చూపియుండెను. క్రాస్లండ్-టేలర్ 1953లో ఈ పాత సత్యమునే ఉపయోగించెను. వెడల్పైన గొట్టములో శుభ్రమైన నీటిని పారించి, దాని నడుమ సన్నని సూదిద్వారా కణములున్న ద్రవమును వదలెను. గొట్టము ముందుకుపోయి ఇరుకగుకొలదిని లోపలి ధార దారమువలె సన్నబడినది. చుట్టునున్న నీరు ఒరవలె దానిని కాపాడినది. నలుసు అడ్డుపడుటకు ఇరుకైన గోడ లేదు. కణములు గుంపుగూడుటకు చోటు లేదు. నేడు ప్రపంచములోని ఫ్లో సైటోమీటరులలో చాలవరకు ఈ ఒర ప్రవాహముతోనే పనిచేయుచున్నవి.

అదే సంవత్సరమున, 1953లో, షికాగోలో వాలెస్ కోల్టర్‌నకు వేరొక యంత్రముపై పేటెంటు లభించెను. ఆయన కాంతిని వాడలేదు. ఉప్పునీటిని రెండు భాగములుగ చేసి, నడుమ ఒక చిన్న రంధ్రమునుంచి, దానిగుండ విద్యుత్ ప్రవాహమును పంపెను. రక్తకణము విద్యుత్తును అంతగా ప్రసరింపనీయదు. అది రంధ్రములోనుండి దాటు క్షణమున తన ఘనపరిమాణమునకు తగినంత ఉప్పునీటిని ప్రక్కకు నెట్టును; అంతమేర విద్యుత్ నిరోధము పెరుగును. స్పందము ఎంత ఎత్తో కణము అంత పెద్దది. వాలెస్, ఆయన సోదరుడు జోసెఫ్ కలసి నిర్మించిన ఈ లెక్కింపు యంత్రములు కొలదికాలములోనే పెద్ద ఆసుపత్రులకు చేరినవి. నేడు రక్తపరీక్ష కేంద్రములలో నిమిషములో వచ్చు కణసంఖ్యకు మూలము ఇదియే.

ఈ కోల్టర్ యంత్రము పెట్టిన ఒక తగవునుండి తరువాతి అధ్యాయము పుట్టినది. ఎఱ్ఱ కణముల పరిమాణములను యంత్రము గీసి చూపునపుడు రేఖాపటములో ఒక శిఖరమునకు బదులు రెండు శిఖరములు కనబడుచుండెను. కనుక ఎఱ్ఱ కణములు రెండు జాతులుగ నున్నవని కొందరు వాదించిరి. అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలలో, అనగా అణుబాంబు తయారైన చోటనే, వికిరణము శరీరముపై చూపు ప్రభావమును పరిశీలించు విభాగమొకటి యుండెను. అందు పనిచేయు మాక్ ఫుల్‌వైలర్‌నకు ఈ వాదము నచ్చలేదు. నిజముగ రెండు జాతులున్నచో వానిని వేరుచేసి, వేరువేరుగ మరల కొలిచి చూపవలెను గదా! వేరుచేయుట యెట్లు? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో రిచర్డ్ స్వీట్ అను ఇంజనీరు సిరాను చిన్న చిన్న చుక్కలుగ విడగొట్టి, వానికి విద్యుదావేశమిచ్చి, రెండు లోహపు పలకల నడుమ వంచి, కాగితముపై గీతలు గీయించు పరికరమును చేసియుండెను. ఫుల్‌వైలర్ ఆ ఉపాయమును తెచ్చుకొనెను. కణము కొలతస్థానమును దాటిన వెంటనే, అది యున్న నీటిచుక్క విడివడు సమయమును కనిపెట్టి, పెద్ద కణమున్న చుక్కకు ఒక ఆవేశము, చిన్న కణమున్న చుక్కకు వేరొక ఆవేశము ఇచ్చెను. చుక్కలు రెండు పాత్రలలోనికి వేరుపడి రాలెను.

రెండు పాత్రలలోని ఎఱ్ఱ కణములను మరల యంత్రముగుండ పంపగా, ప్రతి పాత్రలోని కణములును తిరిగి రెండు శిఖరములనే చూపినవి! పెద్ద కణములని వేరుచేసినవానిలో చిన్నవియు, చిన్నవని వేరుచేసినవానిలో పెద్దవియు వచ్చినవి. కనుక రెండు జాతులు లేనే లేవు. ఎఱ్ఱ కణము నడుమ నొక్కిన బిళ్ళవంటిది. రంధ్రములోనుండి అది ఏ వైపుగ తిరిగి దాటినదో దానిబట్టి స్పందము మారుచున్నది. తప్పు రక్తములో లేదు, కొలతలో కలదు. 1965లో 'సైన్స్' పత్రికలో ఫుల్‌వైలర్ తన కణవిభజన యంత్రమును వర్ణించెను. ఒక అపోహను తొలగించుటకై చేసిన యంత్రము అపోహకన్న ఎన్నోరెట్లు ఎక్కువ కాలము నిలిచినది.

అదే 1965లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన లూయీ కమెంట్‌స్కీ కణములలోని కేంద్రకామ్లములు అతినీలలోహిత కాంతిని పీల్చు పరిమాణమును ప్రవాహములోనే కొలిచి చూపెను. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును యంత్రముచే గుర్తింపజేయవలెనన్నది ఆయన ఆశ. 1968లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయమున వోల్ఫ్‌గాంగ్ గోడె ప్రతిదీప్తితో, అనగా ఒక రంగు కాంతిని త్రాగి వేరొక రంగు కాంతిని వెలువరించు ద్రవ్యములతో, కణములను కొలుచు యంత్రమును నిర్మించెను. అప్పటికి ఈ విద్యకు తలకొక పేరు. 1976లో అమెరికాలోని పెన్సకోలా నగరమున జరిగిన సమావేశములో 'ఫ్లో సైటోమెట్రీ' అను పేరును అందరును అంగీకరించిరి. తెలుగులో కణప్రవాహ మాపనము అనవచ్చును.

ఈ మాపనమును వైద్యుని చేతికి దగ్గర చేసినది స్టాన్‌ఫర్డులోని లెనార్డ్ హెర్జెన్‌బర్గ్. ప్రతిదీప్తి అంటించిన కణములను చీకటిగదిలో సూక్ష్మదర్శినిద్వారా లెక్కించి లెక్కించి ఆయన కండ్లు అలసిపోయెనట. లాస్ అలమాస్ వారు తమ యంత్రపు నమూనాపటములను ఆయనకు ఇచ్చిరి. 1969లో ఆయన బృందము ప్రతిదీప్తినిబట్టి కణములను వేరుచేయు యంత్రమును ప్రకటించెను. 1972లో దానికి ఆర్గాన్ లేసరును అమర్చిరి. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనువారు ఒకే అణుస్థానమును గుర్తించి అంటుకొనునట్టి ఏకవంశ ప్రతిరక్షకములను తయారుచేయు మార్గము కనుగొనుటతో బండికి రెండవ చక్రము కుదిరినది. ఏ కణముపై ఏ గుర్తు కలదో వెదకి పట్టుకొను ప్రతిరక్షకము. ఆ ప్రతిరక్షకమునకు రంగుదీపము. ఆ దీపమును చూచు యంత్రము.

యంత్రము పనిచేయు తీరు ఇది. రంగు అంటిన కణములు బారుగ వచ్చి, సెకనుకు వేలకొలదిగ, లేసరు కిరణమును దాటును. ముందువైపునకు చెదరిన కాంతి కణపు పెద్దరికమును తెలుపును. ప్రక్కకు చెదరిన కాంతి లోపలి గరుకుతనమును తెలుపును. లింఫోసైటు చిన్నది, నునుపైనది. మోనోసైటు కొంచెము పెద్దది. గ్రాన్యులోసైటు లోపల రేణువులు నిండియున్నది గాన ప్రక్కకు ఎక్కువ కాంతిని చిమ్మును. వీనికితోడు ఏ రంగుదీపము ఎంత వెలిగినదో వేరువేరు గ్రాహకములు కొలుచును. ఫలితము తెరపై చుక్కల మేఘములుగ కానవచ్చును. ఆ మేఘములలో తనకు కావలసినదాని చుట్టు గిరి గీసి, లోపలివానినే లెక్కింపుమని మనుష్యుడు యంత్రమునకు చెప్పవలెను. ఆ గిరికే ద్వారము, గేటు, అని పేరు. యంత్రము ఎన్ని వేల కణములను చూచినను, గిరి గీయునది మనుష్యుడే. శిక్షణ యొక్క అవసరమంతయు ఈ గిరియందే కలదు.

మొదటి కాలమున యంత్రమును నడిపినవారు దానిని కట్టినవారే. లేసరును సరిజేయుట, నీటిధారను నిలుపుట భౌతికశాస్త్రజ్ఞుల పని. వారినుండి జీవశాస్త్రజ్ఞులు నేర్చుకొనుటకై అమెరికాలో 1970ల చివరి నుండి ఏటేటా శిక్షణ శిబిరములు జరిగెను. చాలకాలము ఇవి ఒక యేడు లాస్ అలమాస్‌లోను, ఒక యేడు మేన్ రాష్ట్రములోని బౌడిన్ కళాశాలలోను మార్చిమార్చి జరుగుచుండెడివి. అప్పటి విద్యార్థులు పరిశోధకులు. వారి లెక్క తప్పినచో ఒక వ్యాసము తప్పును. ఆసుపత్రి టెక్నీషియను లెక్క తప్పినచో జరుగునది వేరు.

ఆసుపత్రులకు చేరకముందే మరియొక గందరగోళము బయలుదేరినది. ప్రతి ప్రయోగశాల, ప్రతి వ్యాపారసంస్థ తాము తయారుచేసిన ప్రతిరక్షకమునకు తమకు తోచిన పేరు పెట్టిరి. ఒకరు ఓ.కె.టి.4 అనినది, మరియొకరు ల్యూ-3 అనినది ఒకే గుర్తును పట్టుకొనునవి. ఓ.కె.టి.8, ల్యూ-2 అనునవియు అంతే. ఒకే ఊరికి నాలుగు పేర్లున్నచో ఉత్తరము ఎట్లు చేరును? 1982లో పారిస్ నగరమున మొదటి అంతర్జాతీయ కార్యగోష్ఠి జరిగెను. ప్రతిరక్షకములకు పేరు తీసివేసి, సంకేతసంఖ్య మాత్రము వేసి, పలు ప్రయోగశాలలకు పంపి పరీక్షింపజేసిరి. పేరు తెలియదు గనుక పక్షపాతమునకు తావులేదు. ఒకే విధముగ ప్రవర్తించినవానిని ఒక గుంపుగ చేర్చి ఆ గుంపునకు సి.డి. అను అక్షరములతో ఒక సంఖ్యను ఇచ్చిరి. ఓ.కె.టి.4, ల్యూ-3 రెండును సి.డి.4 అయినవి. తరువాత బోస్టన్, ఆక్స్‌ఫర్డ్, వియన్నా మొదలగు చోట్ల ఇట్టి గోష్ఠులు జరుగుచు, సి.డి. సంఖ్యలు నేటికి 370 దాటినవి. నేడు ఏ దేశపు శిక్షణ శిబిరములోనైనను మొదటి పాఠము ఈ సంఖ్యల భాషయే.

పారిస్ గోష్ఠికి ఒక సంవత్సరము ముందు, 1981 జూన్ 5న, అమెరికా ప్రభుత్వపు వ్యాధినివారణ కేంద్రము వారి వారపత్రికలో లాస్ ఏంజెలిస్ నగరమునకు చెందిన అయిదుగురు యువకుల వ్యాధి వర్ణింపబడెను. త్వరలోనే అట్టి రోగుల రక్తములో సి.డి.4 లింఫోసైటులు క్షీణించుచున్నవని తేలినది. ఎయిడ్స్ అని దానికి పేరు వచ్చెను. 1983లో పారిస్ పాశ్చర్ సంస్థలో వైరస్ దొరికెను. ఆ వైరస్ ప్రవేశించు తలుపే సి.డి.4. ఆరోగ్యవంతునిలో ఘన మిల్లీమీటరు రక్తమునకు సుమారు 500 నుండి 1,500 వరకు ఉండవలసిన ఈ కణములు 200కు దిగినచో ప్రమాదకరమైన అంటురోగములు పైబడును. 1993లో అమెరికాలో ఎయిడ్స్ నిర్వచనమునందే ఈ 200 అను గీతను చేర్చిరి. అంతవరకు పరిశోధకుల గదిలో నున్న యంత్రము ఒక్కసారిగ ఊరూర కావలసివచ్చినది. దానిని నడుపుటకు నేర్పు గలవారు ఊరూర లేరు.

ఒక చిన్న లెక్క చూతము. పాత పద్ధతిలో సి.డి.4 సంఖ్యను మూడు కొలతల గుణకారముచే రాబట్టెడివారు. ఒక రోగికి తెల్ల కణములు 4,000, అందులో లింఫోసైటులు నూటికి 25, అనగా 1,000, వానిలో సి.డి.4 గలవి నూటికి 20, అనగా 200. అదే రక్తమును వేరొక ప్రయోగశాల కొలిచి, తెల్ల కణములు 4,200, లింఫోసైటులు నూటికి 27, సి.డి.4 నూటికి 22 అని తేల్చెననుకొనుడు. ఏ ఒక్క కొలతలోను తేడా పెద్దది కాదు. గుణించినచో మాత్రము వచ్చునది 249. తేడాలు మూడును ఒకే వైపునకు పోవుటచే ఫలితము నూటికి ఇరువదియైదు వంతులు పెరిగినది. 200 వద్ద మందు మొదలిడవలెనను నియమమున్న కాలములో ఒక ప్రయోగశాల ఆ రోగికి మందు ఇప్పించును. రెండవది ఇంటికి పంపివేయును. గణితము నేర్పు ఉపాధ్యాయులకు దోషముల గుణకారమునకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకుట అరుదు. తరువాత, సంఖ్య ముందే తెలిసిన అతిసూక్ష్మమైన పూసలను రక్తములో కలిపి, పూసలను కణములను ఒకే యంత్రములో ఒకేసారి లెక్కించు పద్ధతి వచ్చి రెండు కొలతలను తప్పించినది.

అమెరికా వ్యాధినివారణ కేంద్రము 1992లోను, మరల 1997లోను సి.డి.4 లెక్కింపునకు మార్గదర్శక సూత్రములను ప్రకటించెను. శిక్షణ శిబిరములు ఈ సూత్రములను చేతికి ఎక్కించు పాఠశాలలైనవి. పుస్తకములో ఒక వాక్యముగ నున్నది చేతికి వచ్చుసరికి ఒక పూట పట్టును. ఉదాహరణకు, రక్తమును నాళికలో పోయునపుడు ఒక చిన్న మరక నాళిక గోడకు పైన అంటియుండవచ్చును. క్రింద వేసిన ప్రతిరక్షకము ఆ మరకను తాకదు. తరువాత నాళికను కదిపినపుడు ఆ మరకలోని కణములు రంగు అంటకయే క్రిందికి దిగి, సి.డి.4 లేని కణములుగ లెక్కకు వచ్చును. యంత్రము అబద్ధమాడలేదు; దానికి చూపినదానినే అది చెప్పినది. పూసలతో లెక్కించునపుడు రక్తపు కొలతలో నూటికి అయిదు తప్పినచో ఫలితములో నూటికి అయిదు తప్పును. కనుకనే శిబిరములలో మొదటి గంటలు లేసరు ముందు గాక, పిపెట్టు పట్టుకొని త్రాసు ముందు గడచును. నీటిని పలుమార్లు తీసి తూచి, తన చేతివాటము ఎంత నిలకడగ నున్నదో శిక్షితుడు తానే చూచుకొనును. పెద్ద యంత్రమును చూడవచ్చినవారికి ఇది నిరుత్సాహముగనే యుండును.

రెండవ కష్టము రంగులది. 488 నానోమీటరుల నీలికాంతి తగిలినపుడు ఫ్లోరసీన్ అను రంగు 520 ప్రాంతమున ఆకుపచ్చగ వెలుగును. ఫైకోఎరిత్రిన్ 575 ప్రాంతమున నారింజ వన్నెతో వెలుగును. కాని ఆకుపచ్చ వెలుగు ఆకుపచ్చ గదిలోనే ఆగదు; దాని అంచు నారింజ గ్రాహకములోనికి ఒలుకును. ఒలికినంత తీసివేయవలెను. తక్కువ తీసివేసినచో లేని గుర్తు కనబడును. ఎక్కువ తీసివేసినచో ఉన్న గుర్తు మాయమగును. ఒక్కొక్క రంగును విడిగ అంటించిన నాళికలతో ఈ సవరణను సరిచూచుకొనుట శిక్షణలో తప్పని అభ్యాసము.

ఇక గిరి గీయుట. సి.డి.4 గుర్తు లింఫోసైటులపైననే గాక మోనోసైటులపైన కూడ మసకగ ఉండును. గిరి కొంచెము వెడల్పైనచో మోనోసైటులు లోనికి చొరబడును. శిక్షకులకు ఇందు గొప్ప సాయము చేసినది 1984లో ప్రకటింపబడిన ఒక సామాన్య దత్తాంశ రూపము. దానివలన ఒక యంత్రము చూచిన ప్రతి కణపు కొలతలును ఒక ఫైలుగ నిలిచి, వేరొకచోట మరల విప్పి చూచుటకు వీలైనది. ఒకే ఫైలును పదిమందికి ఇచ్చినపుడు రక్తము ఒకటే, నాళిక ఒకటే, యంత్రము ఒకటే. అయినను పది జవాబులు వచ్చినచో ఆ తేడా గీసిన చేతులదే. పలు సంస్థలు కలసి 2005లో ప్రకటించిన ఒక పరిశీలనలో, ఎవరి గిరి వారు గీసినప్పటికన్న ఒకేచోట అందరి ఫైళ్ళకును గిరులు గీసినపుడు ఫలితములు దగ్గరపడినవని తేలినది.

శిబిరము ముగిసి ఊరు చేరిన పిదప నేర్పు నిలిచినదో లేదో తెలియుట యెట్లు? ఇంగ్లండులోని షెఫీల్డ్ కేంద్రముగ, చెడిపోకుండ నిలుపుచేసిన రక్తపు నమూనాలను పలు దేశముల ప్రయోగశాలలకు పంపి, వారి జవాబులను పోల్చి చెప్పు పద్ధతి ఏర్పడెను. కెనడాయును ఇట్టి సేవను నడిపెను. భారతదేశములో 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వము ఉచితముగ ఎయిడ్స్ మందులను ఇచ్చు పథకమును మొదలిడినపుడు, వ్యాధి హెచ్చుగనున్న ఆరు రాష్ట్రములలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు ఎవరికి మొదట ఇయ్యవలెనో తేల్చునది ఆ 200 గీతయే. కనుక మన జిల్లాల ప్రయోగశాలలకు సి.డి.4 యంత్రములు, వానితోపాటు శిక్షణయు అవసరమైనవి. పూణెలోని జాతీయ ఎయిడ్స్ పరిశోధనా సంస్థ దేశములోని సి.డి.4 కేంద్రముల నాణ్యతను పరీక్షించు బాధ్యత వహించెను. వేసవిలో మన ఊళ్ళ వేడిలో రక్తపు నాళిక బస్సులో ప్రయాణము చేయుట షెఫీల్డువారికి ఎదురుకాని సమస్య. చల్లగనుంచిన మంచిదని దానిని మంచుపై పెట్టినను కణములు దెబ్బతినును. ఎండకును మంచుకును దూరముగ, గది వేడిమికి దగ్గరగ, గంటల లెక్కతో చేర్చవలెను.

ఖర్చు వేరొక అడ్డంకి. దక్షిణాఫ్రికాలో డెబొరా గ్లెన్‌క్రాస్, ఆమె సహచరులు 2002లో సి.డి.45, సి.డి.4 అను రెండే ప్రతిరక్షకములతో లెక్కించు చౌక పద్ధతిని ప్రకటించిరి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయపు పాల్ రాబిన్‌సన్ ఆఫ్రికాకు చౌక యంత్రములు కావలెనని చాటుటకై 2009లో ఎవరెస్టు శిఖరమునే ఎక్కెను. సైటోమెట్రీకై అంత ఎత్తునకు పోయినవాడు వేరొకడు కానరాడు.

ఎయిడ్స్ ఒక్కటే కాదు, రక్తపు క్యాన్సరుకు కూడ ఈ యంత్రమే తీర్పరి. ల్యుకీమియా కణములు సూక్ష్మదర్శినిలో ఒకదానినొకటి పోలియుండును, సి.డి.19 గలదియు, సి.డి.3 గలదియు, సి.డి.33 గలదియు వేరువేరు వ్యాధులు, వేరువేరు చికిత్సలు. ఇక్కడ తెలుగువారు తలచుకొనదగిన పేరొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలలో తయారైన ఎమినాప్టెరిన్ అను మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకీమియా సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో తాత్కాలికముగ గుణము కనబడినదని 1948లో ప్రకటించెను. ఆ పిల్లలకు వ్యాధి తిరుగబెట్టినది. సూక్ష్మదర్శినికి ఎముక మజ్జ శుభ్రముగ కనబడినను లోపల వందలకోట్ల వ్యాధికణములు దాగియుండవచ్చును. అప్పటివారికి వానిని చూచు సాధనము లేదు. 1998లో మెంఫిస్ నగరపు సెయింట్ జూడ్ ఆసుపత్రికి చెందిన డారియో కంపానా బృందము ఫ్లో సైటోమెట్రీతో పదివేల కణములలో ఒక్క వ్యాధికణమును సైతము గుర్తించి, ఎవరికి వ్యాధి తిరుగబెట్టునో ముందుగనే సూచింపవచ్చునని చూపెను. ఎవరికి మందు పెంచవలెను, ఎవరికి తగ్గింపవచ్చును అను నిర్ణయము నేడు దీనిమీద ఆధారపడుచున్నది.

పదివేలలో ఒకదానిని వెదకువానికి సి.డి.4 లెక్కించువానికన్న ఎక్కువ నేర్పు కావలెను. ఏ ప్రతిరక్షకములు వాడవలెనను విషయమున అమెరికా, కెనడా నిపుణులు 1997లో ఏకాభిప్రాయమును ప్రకటించిరి. మన దేశపు నిపుణులు 2008లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో సమావేశమై, ఇక్కడి ఖర్చులకు తగినట్లు సూత్రములు రూపొందించిరి. ఐరోపాలో 2006లో మొదలైన యూరోఫ్లో సంఘము ఇంకను ముందుకు పోయి, రంగులనేగాక యంత్రపు అమరికను సైతము అన్ని ప్రయోగశాలలలో ఒకే తీరుగ నుండునట్లు నిర్దేశించెను.

2017 నుండి భారతదేశములో ఎయిడ్స్ వైరస్ సోకినట్లు తేలిన ప్రతివారికిని సి.డి.4 సంఖ్యతో నిమిత్తము లేకుండ మందు ఇచ్చుచున్నారు. అయినను 200కు దిగినవారిని గుర్తించి క్షయ మున్నగు అంటురోగములనుండి కాపాడుటకు ఆ లెక్క ఇంకను అవసరమే. యంత్రముల విషయమునకు వచ్చినచో, 2020లో ఒకే నాళికలో 40 రంగులను వేరుపరచు ప్రయోగమును పరిశోధకులు ప్రకటించిరి. శిక్షణ శిబిరములలో మాత్రము క్రొత్తవారికి సాధారణముగ రెండు రంగులు, ఒక పిపెట్టు ఇచ్చి, రక్తపు నాళికను నురుగు రాకుండ మెల్లగ తలక్రిందులు చేయుటతో పని ప్రారంభింతురు.